వెబ్‌సైట్‌కి వచ్చినవాళ్ళు ఎందుకు ఆగట్లేదు? క్విజ్‌లు, కాలిక్యులేటర్లు ఎప్పుడు పనిచేస్తాయి, ఎప్పుడు మోసం అవుతాయి

ఈ మధ్య నాకు ఒకే ప్రశ్న చాలామంది దగ్గర్నుంచి వస్తోంది. "అన్నా, మా షాపుకి వెబ్‌సైట్ పెట్టించాం. గూగుల్ నుంచి జనం వస్తున్నారు, పది సెకన్లు చూస్తున్నారు, వెళ్ళిపోతున్నారు. ఏదైనా క్విజ్ లాంటిది, స్పిన్ వీల్ లాంటిది పెడితే ఆగుతారా?" అని. సో ఈ ఎపిసోడ్ మొత్తం దాని గురించే. ఇంటరాక్టివ్ కంటెంట్ అంటే ఏంటి, అది ఎందుకు పనిచేస్తుంది, ఎలా కట్టుకోవాలి, అలాగే దాన్ని అడ్డం పెట్టుకుని జనాన్ని ఎలా బుట్టలో వేస్తున్నారు, ఈ నాలుగూ చూద్దాం.

నా గురించి కొత్తగా చూస్తున్నవాళ్ళకి ఒక్క మాట. నేను బీటెక్ అయ్యాక కొన్నేళ్ళు ఫ్రంట్ ఎండ్ డెవలపర్‌గా చేశాను. అంటే మీరు నొక్కే బటన్లు, లాగే స్లయిడర్లు, అవి రాయడమే నా ఉద్యోగం. ఇప్పుడు వాటి గురించి వీడియోల్లో మాట్లాడుతున్నా, అంతే తేడా.

ముందు ఒక చిన్న పని చేద్దాం. నేను మూడు అడుగుతా, మీరు మనసులోనే జవాబు చెప్పుకోండి. ఒకటి: మీ ఇంట్లో ఉల్లిపాయ అంటారా, ఉల్లిగడ్డ అంటారా, ఎర్రగడ్డ అంటారా? రెండు: బంగాళాదుంపా, ఆలుగడ్డా, ఉర్లగడ్డా? మూడు: వేరుశెనగలా, పల్లీలా, బుడ్డలా?

జవాబు చెప్పుకున్నారు కదా. ఇప్పుడు నిజం చెప్పండి, "అయితే నాది ఏ ఊరు అంటాడో చూద్దాం" అని మీకు అనిపించిందా లేదా? ఉర్లగడ్డ, ఎర్రగడ్డ అన్నవాళ్ళు సీమ వైపు వాళ్ళు అయి ఉండొచ్చు. ఆలుగడ్డ, పల్లీలు అంటే తెలంగాణ అని నేను పందెం కడతా. తప్పయినా పర్లేదు, తప్పని చెప్పడానికైనా మీరు ఇంకో నిమిషం ఆగుతారు. ఇంటరాక్టివ్ కంటెంట్ అంటే ఇదే. చూసేవాడి దగ్గర్నుంచి ఒక ముక్క తీసుకుని, ఆ ముక్కకి తగ్గట్టు తిరిగి ఒకటి ఇవ్వడం. తీసుకోవడం, ఇవ్వడం రెండూ ఉండాలి. బొమ్మ కదిలినంత మాత్రాన, బ్యానర్ పక్కకి జరిగినంత మాత్రాన అది ఇంటరాక్టివ్ కాదు, అది యానిమేషన్.

ఈ యాస ఆట నేను కనిపెట్టింది కాదు. 2013 డిసెంబర్ 21న న్యూయార్క్ టైమ్స్ ఇలాంటి క్విజ్ ఒకటి పెట్టింది. అమెరికాలో ఏ వస్తువుని ఏ పేరుతో పిలుస్తారు, ఏ మాట ఎలా పలుకుతారు అని 25 ప్రశ్నలు. అన్నీ పూర్తి చేస్తే అమెరికా మ్యాప్ మీద మీలాగా మాట్లాడేవాళ్ళు ఎక్కడెక్కడ ఎక్కువ ఉన్నారో రంగుల్లో చూపిస్తుంది. దీని వెనక ఉన్నది జాష్ కాట్జ్ అనే స్టాటిస్టిక్స్ విద్యార్థి, అప్పటికి ఆ పత్రికలో ఇంటర్న్. ప్రశ్నలకి ఆధారం హార్వర్డ్‌లో బెర్ట్ వో, స్కాట్ గోల్డర్ చేసిన యాసల సర్వే. ఆ సంవత్సరం ఆ వెబ్‌సైట్‌లో అందరికన్నా ఎక్కువ మంది చూసింది ఈ క్విజ్‌నే. సంవత్సరం అయిపోవడానికి పదకొండు రోజులే ఉన్నా, అన్ని పెద్ద వార్తల్నీ దాటేసింది.

ఎందుకు? దాంట్లో గ్రాఫిక్స్ గొప్పవని కాదు. జవాబు మీ గురించి కాబట్టి. ఇదే విషయాన్ని "అమెరికా యాసలు, ఒక పరిశీలన" అని వ్యాసంగా రాస్తే భాషా శాస్త్రం మీద ఇష్టం ఉన్నవాళ్ళు చదువుతారు. "మీ మాట వింటే మీ ఊరు చెప్తా" అంటే మా అమ్మమ్మ కూడా ఫోన్ ఇవ్వమంటుంది.

మన దగ్గర ఈ సూత్రం కొత్తదేం కాదు. అష్టావధానం చూసినవాళ్ళకి తెలుస్తుంది. దత్తపదిలో పృచ్ఛకుడు సంబంధం లేని నాలుగు పదాలు ఇస్తాడు, అవధాని వాటితో పద్యం చెప్పాలి. సభ మొత్తం ఊపిరి బిగబట్టి ఎందుకు చూస్తుంది? ఆ పదాలు అప్పటికప్పుడు ఇచ్చినవి కాబట్టి. అదే పద్యం ఇంట్లో రాసుకొచ్చి చదివితే ఆ ఊపు ఉండదు.

ముందు ఊహించమనడం

సరే, మీ గురించి చెప్పడం ఒక పద్ధతి. రెండోది, ముందు ఊహించమని అడిగి తర్వాత అసలు జవాబు చూపించడం. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ 2015 మే నెలలో అదే పత్రిక పెట్టిన ఒక గ్రాఫ్. సబ్జెక్ట్ ఏంటంటే, అమెరికాలో తల్లిదండ్రుల ఆదాయానికీ పిల్లలు కాలేజీకి వెళ్ళడానికీ ఉన్న సంబంధం. మామూలుగా అయితే గీత గీసి చూపిస్తారు, మనం "ఓహో" అని కిందకి వెళ్ళిపోతాం. వీళ్ళు ఏం చేశారంటే ఖాళీ గ్రాఫ్ ఇచ్చి, "గీత మీరే గీయండి" అన్నారు. మీరు వేలితో గీశాకే అసలు గీత కనిపిస్తుంది. చాలామంది ఏదో వంపు తిరుగుతుందనుకుని వంకరగా గీస్తారు. అసలు గీత దాదాపు స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా ఉంటుంది. ఆదాయం పెరిగే కొద్దీ కాలేజీకి వెళ్ళే అవకాశం అదే లెక్కన పెరుగుతూ పోతుంది.

ఇక్కడ ఏం జరిగిందో చూడండి. గీత గీసే ముందు ఆ పాఠకుడికి ఈ విషయం మీద అభిప్రాయమే లేకపోవచ్చు. గీసిన తర్వాత ఒక అభిప్రాయం ఉంది, దాన్ని తనే పెట్టుకున్నాడు. ఇప్పుడు నిజం పక్కన పెడితే తేడా కొడుతుంది. ఆ తేడానే గుర్తుండిపోతుంది. స్కూల్లో మంచి టీచర్ పాఠం మొదలుపెట్టే ముందు "ఏం అవుతుందనుకుంటున్నారు?" అని అడిగేది ఇందుకే.

మూడోది, లెక్క కట్టి పెట్టడం. ఇది చూడ్డానికి చాలా బోరింగ్. కానీ చిన్న వ్యాపారాలకి డబ్బు తెచ్చేది ఇదే. ఈఎంఐ కాలిక్యులేటర్ తీసుకోండి. 20 లక్షల హోమ్ లోన్, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ళు అనుకుందాం. నెలకి ఈఎంఐ సుమారు 17,356 రూపాయలు. మొత్తం కట్టే వడ్డీ దాదాపు 21 లక్షల 65 వేలు. ఇప్పుడు ఏళ్ళ స్లయిడర్‌ని 20 నుంచి 15కి లాగండి. ఈఎంఐ 19,695 అవుతుంది, అంటే నెలకి 2,339 రూపాయలు ఎక్కువ. వడ్డీ మాత్రం దాదాపు 15 లక్షల 45 వేలకి దిగుతుంది. ఆరు లక్షల ఇరవై వేలు మిగిలాయి.

ఈ విషయం టేబుల్ వేసి కూడా చెప్పొచ్చు. కానీ టేబుల్లో ఉన్నది ఎవరి లోనో. స్లయిడర్ లాగినప్పుడు కనిపించేది నా లోను, నా జీతం, నా ఆరు లక్షలు. అందుకే మనిషి ఆగుతాడు, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కూర్చుని ఇంకో నాలుగు సార్లు లాగి చూస్తారు.

ఇక్కడే ఒక కిటుకు కూడా ఉంది, గమనించండి. ఇదే కాలిక్యులేటర్‌లో మొత్తం వడ్డీని చిన్న అక్షరాల్లో కింద దాచేసి, ఈఎంఐని మాత్రం పెద్దగా చూపించి, స్లయిడర్‌ని మొదట్లోనే 30 ఏళ్ళ దగ్గర పెట్టారనుకోండి. లెక్క తప్పు కాదు. ప్రతి అంకె కరెక్టే. కానీ చూసేవాడికి "అబ్బ, ఈఎంఐ ఎంత తక్కువో" అనిపిస్తుంది. అంటే ఇంటరాక్టివ్‌లో అబద్ధం అంకెల్లోనే ఉండక్కర్లేదు, మొదట ఏ అంకె దగ్గర పెట్టారు, ఏది పెద్దగా చూపించారు అన్నదాంట్లో ఉండొచ్చు.

ర్యాంక్ ప్రిడిక్టర్ కథ

ఇప్పుడు మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన దాని దగ్గరికి వద్దాం. ఎంసెట్, ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఈఏపీసెట్ అంటున్నారు. రిజల్ట్ వచ్చిన రోజు నుంచి కౌన్సెలింగ్ దాకా ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న: ఈ ర్యాంకుకి ఏ కాలేజీ వస్తుంది? ఇంతకన్నా ఆకలితో ఉన్న ప్రశ్న ఇంకోటి ఉండదు. అందుకే కాలేజ్ ప్రిడిక్టర్లు అన్ని వచ్చాయి.

దాని లోపల మాయేం లేదండి. కిందటేడు ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీలో, అబ్బాయిలకి, అమ్మాయిలకి, ఏ ర్యాంకు దగ్గర సీట్లు ఆగాయో ఆ జాబితా ఒకటి ఉంటుంది. లాస్ట్ ర్యాంక్ అంటారు. మీ ర్యాంకు దానికన్నా ముందుంటే "అవకాశం ఉంది" అంటుంది, దాటితే "లేదు" అంటుంది. నాలుగు ఫిల్టర్లు, ఒక పోలిక. ఫస్ట్ ఇయర్ పిల్లలు కూడా రాసెయ్యగలరు. పైగా ఆ లాస్ట్ ర్యాంకుల జాబితాలు కౌన్సెలింగ్ వాళ్ళే వాళ్ళ వెబ్‌సైట్లో పెడతారు, ఎవరైనా చూసుకోవచ్చు.

మా బాబాయి కూతురు రెండేళ్ళ కింద ఇలాంటి ఒక సైట్‌లో తన ర్యాంకు కొట్టింది. పేరు చెప్పను, ఇలాంటివి ఒకటి కాదు కదా. ర్యాంకు అడిగింది, కేటగిరీ అడిగింది, ఇష్టమైన బ్రాంచ్ అడిగింది, ఏ ఊరు దాకా వెళ్ళగలవు అని అడిగింది. అన్నీ నింపాక గిర్రున ఒక చక్రం తిరిగింది, "మీ కాలేజీల లిస్ట్ రెడీ" అంది. చూడాలంటే నాన్నగారి ఫోన్ నంబర్, ఓటీపీ. పిల్ల ఇచ్చేసింది. ఎవరైనా ఇచ్చేస్తారు, అప్పటికి పది నిమిషాలు నింపి ఉంది మరి.

మర్నాడు పొద్దున్నుంచి బాబాయికి ఫోన్లు. "సార్, మీ అమ్మాయి ర్యాంకుకి కన్వీనర్ కోటాలో సీఎస్‌ఈ రావడం కష్టం సార్, మేనేజ్‌మెంట్‌లో రెండే సీట్లు ఉన్నాయి, ఇవాళ యాభై వేలు కట్టి బ్లాక్ చేసుకోండి" అని. వాళ్ళకి పిల్ల పేరు తెలుసు, ర్యాంకు తెలుసు, ఏ బ్రాంచ్ కావాలో తెలుసు, ఏ ఊరు దాకా పంపుతారో కూడా తెలుసు. బాబాయికి చిన్న కిరాణా కొట్టు. ఇంత వివరంగా చెప్తున్నారంటే వీళ్ళు కౌన్సెలింగ్ ఆఫీసు వాళ్ళే అనుకున్నాడు. డబ్బులు సర్దుకుని, కట్టే ముందు ఎందుకో నాకు ఒక మాట చెబుదామని ఫోన్ చేశాడు. "బాబాయ్, ఆ వివరాలన్నీ మన పిల్లే ఆ సైట్‌లో నింపింది. నువ్వేం కట్టకు, కౌన్సెలింగ్ సైట్‌లో కిందటేడు జాబితా తీసి నేనూ చెల్లీ కూర్చుని చూస్తాం" అన్నాను. చూశాం. దాని ర్యాంకుకి అటూ ఇటూ ఉన్న కాలేజీలు రాసుకుని, అందని ఆశవి కొన్ని పైన, ఖాయంగా వచ్చేవి కొన్ని కింద పెట్టి వెబ్ ఆప్షన్స్ ఇచ్చింది. కన్వీనర్ కోటాలోనే, దానికి కావాల్సిన బ్రాంచిలోనే సీటు వచ్చింది. ఆ యాభై వేలు ఇంట్లోనే ఉన్నాయి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ సైట్ వాళ్ళ వైపు నుంచి చూస్తే అది సూపర్ హిట్ ఇంటరాక్టివ్. ఎంగేజ్‌మెంట్ పది నిమిషాలు. ఫోన్ నంబర్ ఇచ్చినవాళ్ళ శాతం చాలా ఎక్కువ. మీటింగ్‌లో చప్పట్లు కొడతారు. కానీ ఆ పది నిమిషాలు ఆ పిల్లకి సాయం కాలేదు, ఆ పిల్ల వివరాలు వేరేవాళ్ళకి సాయం అయ్యాయి.

ప్రపంచంలో దీనికి పెద్ద ఉదాహరణ మీకు తెలిసే ఉంటుంది. ఫేస్‌బుక్‌లో ఒక పర్సనాలిటీ క్విజ్ యాప్ వచ్చింది. దాన్ని వాడింది సుమారు 2 లక్షల 70 వేల మంది. కానీ అప్పటి పద్ధతి ప్రకారం వాళ్ళ ఫ్రెండ్స్ వివరాలు కూడా వెళ్ళేవి. అలా 8 కోట్ల 70 లక్షల మంది దాకా వివరాలు కేంబ్రిడ్జ్ అనలిటికాకి చేరి ఉండొచ్చని 2018లో ఫేస్‌బుక్కే చెప్పింది. 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రైవసీ విషయంలో ఆ కంపెనీకి 500 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. "మీరు ఎలాంటి మనిషి" అన్న క్విజ్ అంత దూరం వెళ్ళింది.

మన దేశంలో కూడా 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. దాని సారం సింపుల్: ఎందుకు తీసుకుంటున్నారో స్పష్టంగా చెప్పి, ఒప్పుకున్నాకే తీసుకోవాలి, ఆ పనికి అవసరమైనంతే తీసుకోవాలి. 18 ఏళ్ళ లోపు పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఇంటర్ పిల్లల్లో ఎక్కువమంది ఆ వయసులోనే ఉంటారు కదా, ప్రిడిక్టర్లు కట్టేవాళ్ళు ఆలోచించుకోవాలి.

సో నా మొదటి రూల్ ఇది: జవాబు ముందు, అడగడం తర్వాత. రిజల్ట్ మొత్తం చూపించండి. దాని కింద "ఈ జాబితా వాట్సాప్‌లో కావాలంటే నంబర్ ఇవ్వండి" అని పెట్టండి. నంబర్లు తక్కువ వస్తాయి, నిజమే. కానీ వచ్చినవాళ్ళు మీతో మాట్లాడాలనుకుని వచ్చినవాళ్ళు. మీ ఫోన్ చూసి విసుక్కుని కట్ చేసేవాళ్ళు కాదు.

నొక్కితే ఏం వస్తుంది?

ఇప్పుడు ఇంకో వైపు చూద్దాం. అన్నిటికీ ఇంటరాక్టివ్ పెట్టేయాలా? వద్దు. ఈ మాట అన్నది ఈ పనిలో ఆరితేరినవాళ్ళే. న్యూయార్క్ టైమ్స్ గ్రాఫిక్స్ విభాగానికి చెందిన ఆర్చీ సే 2016లో ఒక సభలో, మేం ఇంటరాక్టివ్‌లు ఎందుకు తగ్గించాం అని మాట్లాడారు. ఆయన చెప్పింది నా మాటల్లో చెప్తే: జనానికి కిందకి జరుపుకుంటూ పోవడమే ఇష్టం. నొక్కమని అడిగితే, నొక్కినందుకు అదిరిపోయేది ఏదో జరగాలి. మౌస్ పైన పెడితేనే కనిపించే సమాచారం ఎవరూ చూడరనే అనుకోండి.

కాబట్టి ముఖ్యమైన విషయాన్ని ఎప్పుడూ బటన్ వెనక దాచకండి. షాపు టైమింగ్స్, ధర, అడ్రస్, ఇవి నొక్కితే వచ్చేవి కాకూడదు. "మా గురించి తెలుసుకోవడానికి చక్రం తిప్పండి" అంటే ఎవడు తిప్పుతాడండీ?

మరి తక్కువ పనితో ఎక్కువ మందిని తెచ్చింది ఏదైనా ఉందా అంటే, వర్డిల్. జాష్ వార్డిల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ 2021లో పెట్టాడు. రోజుకి ఒకే మాట, ఆరు ప్రయత్నాలు. లాగిన్ లేదు, యాడ్ లేదు, యాప్ డౌన్‌లోడ్ లేదు. 2021 నవంబర్ 1న ఆడినవాళ్ళు 90 మంది. 2022 జనవరి 2కి మూడు లక్షలు దాటారు. ఆ జనవరి 31నే న్యూయార్క్ టైమ్స్ దాన్ని కొంటున్నట్టు ప్రకటించింది. మధ్యలో ఏం కలిసిందంటే, రంగు గడుల్లో మన స్కోర్ షేర్ చేసుకునే సదుపాయం. ఆ గడులు చూస్తే మీరెలా ఆడారో తెలుస్తుంది, జవాబు మాత్రం తెలీదు. ఎదుటివాడి ఆట చెడకుండా గొప్ప చెప్పుకోవచ్చు. ఇంకోటి, "ఇవాళ్టికి ఇంతే, రేపు రండి" అనే ధైర్యం. జనాన్ని కట్టేసి కూర్చోబెట్టలేదు, అందుకే రేపు మళ్ళీ వచ్చారు.

ఎలా కట్టాలి

ఇప్పుడు పనిలోకి దిగుదాం. మీది టైల్స్ షాపు అనుకోండి. ముందు చేయాల్సింది కోడింగ్ కాదు. వారం రోజులు మీ కౌంటర్ దగ్గర, ఫోన్లో జనం ఏం అడుగుతున్నారో రాసుకోండి. "మా గదికి ఎన్ని పెట్టెలు పడతాయి?" అన్నది మళ్ళీ మళ్ళీ వస్తుంది. అదే మీ ఇంటరాక్టివ్.

లెక్క చూడండి. గది 12 అడుగులు, 10 అడుగులు. 120 చదరపు అడుగులు. టైల్ రెండు బై రెండు అడుగులు అంటే ఒక్కోటి 4 చదరపు అడుగులు. 30 టైల్స్. కోతలకీ విరిగేవాటికీ పది శాతం కలిపితే 33. పెట్టెకి 4 టైల్స్ అనుకుంటే ఎనిమిది పెట్టెలు దాటి ఒక్క టైల్, కాబట్టి 9 పెట్టెలు. రెండు అంకెలు తీసుకుని 9 అని చెప్పడమే పని. దాని పక్కనే "పది శాతం వేస్టేజ్ కలిపాం" అని ఓపెన్‌గా రాయండి. అలా రాయకపోతే కస్టమర్ ఇంటికెళ్ళి లెక్క వేసుకుని, ఒక పెట్టె ఎక్కువ అంటగట్టారు అనుకుంటాడు. లెక్క ఎలా వేశారో చూపిస్తే నమ్మకం వస్తుంది.

కట్టేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సినవి చెప్తా, డెవలపర్‌కి ఇచ్చినా ఇదే చెప్పండి.

మొదట, పేజీ తెరిచేసరికే ఒక జవాబు కనిపించాలి. 12, 10 అని ముందే నింపి, 9 పెట్టెలు అని చూపిస్తే, చూసేవాడు అంకె మార్చడమే తరువాయి. ఖాళీ గడులు చూస్తే ఫారం నింపమంటున్నారు అనిపిస్తుంది.

రెండు, ఫోన్‌లో అంకెల గడి నొక్కితే అంకెల కీబోర్డే రావాలి. హెచ్‌టీఎంఎల్‌లో ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్ అని ఒక మాట రాస్తే చాలు. డబ్బు చూపించేటప్పుడు కామాలు మన పద్ధతిలో, లక్షల దగ్గర పడాలి. జావాస్క్రిప్ట్‌లో ఇంగ్లీష్ ఇండియా లొకేల్ పెడితే అదే వేసి ఇస్తుంది.

మూడు, స్పీడ్. వేలు పెట్టినప్పటి నుంచి స్క్రీన్ మారేదాకా పట్టే సమయానికి గూగుల్ ఒక కొలత పెట్టింది, ఐఎన్‌పీ అంటారు. 2024 మార్చి నుంచి అది కోర్ వెబ్ వైటల్స్‌లో భాగం. 200 మిల్లీసెకన్ల లోపు ఉంటే బాగుంది అని లెక్క. మీ కొత్త ఐఫోన్లో కాదు, మీ షాపులో పనిచేసే కుర్రాడి ఫోన్లో పరీక్షించండి. కాలిక్యులేటర్ ఒక్కదాని కోసం బరువైన లైబ్రరీలు ఎక్కిస్తే ఆ ఫోన్లో స్లయిడర్ జారదు, ఈడ్చుకుంటూ వస్తుంది.

నాలుగు, అందరూ వాడగలగాలి. లాగడం రానివాళ్ళు, చేయి వణికే పెద్దవాళ్ళు, స్క్రీన్ రీడర్ వాడే చూపులేనివాళ్ళు ఉంటారు. స్లయిడర్ పెట్టినా పక్కన అంకె టైప్ చేసే గడి ఉంచండి. 2023లో వచ్చిన వెబ్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్ 2.2 కూడా ఇదే చెప్తుంది: లాగాల్సిన పనికి లాగకుండా చేసే దారి ఉండాలి, నొక్కే బటన్ కనీసం 24 బై 24 పిక్సెల్స్ ఉండాలి. వేలికి తగలని బటన్ ఉన్నా లేనట్టే.

అయిదు, తారీఖు వేయండి. "ఈ ధర ఫలానా నెలది", "ఈ లాస్ట్ ర్యాంకులు ఫలానా సంవత్సరం ఫలానా ఫేజ్‌వి" అని. ఇంటరాక్టివ్ పెట్టి వదిలేసేది కాదు, కుండీలో మొక్క లాంటిది. ఒకప్పుడు వెబ్‌లో ఎన్నో ఆటలు, గ్రాఫిక్స్ ఫ్లాష్‌లో ఉండేవి. 2020 డిసెంబర్ 31తో అడోబ్ ఫ్లాష్‌కి సపోర్ట్ ఆపేసింది. పెద్ద పెద్ద పత్రికల పాత ఇంటరాక్టివ్‌లు ఎన్నో ఖాళీ గడులుగా మిగిలిపోయాయి. అందుకే కిందన అదే విషయం మామూలు అక్షరాల్లో కూడా రాసి ఉంచండి. స్క్రిప్ట్ పనిచేయకపోయినా మనిషికి జవాబు దొరుకుతుంది, గూగుల్‌కి కూడా చదవడానికి ఏదో ఉంటుంది.

చివరిగా, ఏం కొలవాలి. చాలామంది "ఎంతసేపు ఉన్నారు" అన్నది చూస్తారు. గూగుల్ అనలిటిక్స్ 4లో పది సెకన్లు దాటి ఉన్నా, రెండు పేజీలు చూసినా, మీరు ముఖ్యం అని గుర్తుపెట్టిన పని చేసినా దాన్ని ఎంగేజ్డ్ సెషన్ అంటుంది. పది సెకన్లు ఉన్నంత మాత్రాన పని అయిందని కాదు. దారి తెలియక తికమకపడినవాడు కూడా రెండు నిమిషాలు ఉంటాడు. మీరు చూడాల్సినవి మూడు: ఎంతమంది మొదలుపెట్టారు, ఎంతమంది జవాబు దాకా వెళ్ళారు, జవాబు చూశాక ఏం చేశారు. మొదలుపెట్టిన వందలో ఎనభై మంది మూడో ప్రశ్న దగ్గర ఆగిపోతుంటే ఆ మూడో ప్రశ్న తీసేయండి. టైల్స్ లెక్క ఇరవై సెకన్లలో చూసుకుని, షాపుకి ఫోన్ చేసినవాడే మీకు కావాల్సినవాడు. వాడు సైట్‌లో ఉన్నది ఇరవై సెకన్లే, అయినా అది గెలుపే.

మొత్తం ఒక మాటలో చెప్పాలంటే, వచ్చినవాడిని ఎలా ఆపాలి అని ఆలోచించడం మొదలుపెడితే చక్రాలు, పాపప్‌లు, ఓటీపీలు వస్తాయి. వచ్చినవాడు ఏం తెలుసుకోవాలని వచ్చాడు అని మొదలుపెడితే మంచి ఇంటరాక్టివ్ వస్తుంది. మీరు ఏదైనా కట్టాక ఒక పరీక్ష పెట్టుకోండి: దీన్ని వాడి, నాకు ఏ వివరం ఇవ్వకుండా, ఏమీ కొనకుండా వెళ్ళిపోయిన మనిషికి ఏదైనా ఉపయోగం జరిగిందా? జరిగింది అంటే ధైర్యంగా పెట్టేయండి.

ఇంట్లో ఇంటర్ పిల్లలు ఉన్నవాళ్ళు మాత్రం ఈ ఒక్కటి ఇవాళే చెప్పండి. ర్యాంకు ఏ సైట్‌లో కొట్టినా పర్లేదు, ఫోన్ నంబర్ అడిగిన చోట ఆగమనండి. లాస్ట్ ర్యాంకుల జాబితా కౌన్సెలింగ్ సైట్‌లోనే ఉచితంగా ఉంటుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఈ టైల్స్ కాలిక్యులేటర్‌నే మొదటి లైన్ నుంచి కోడ్ రాసి చూపిస్తా, లైబ్రరీ ఏమీ లేకుండా. లాప్‌టాప్ దగ్గర పెట్టుకుని కూర్చోండి. అప్పటిదాకా ఉంటానండి, నమస్తే.